లినక్స్ డెస్క్‌టాప్‌కు ఎంత ర్యామ్ కావాలి? కొనేముందు కొలిచి చూడండి

బ్రౌజరు, ఆఫీసు ఫైళ్లు, వీడియోలు చూడటం వరకే అయితే 8 జీబీ సరిపోతుంది. ప్రోగ్రామింగ్, ఫొటో ఎడిటింగ్, ఎప్పుడూ పదుల కొద్దీ ట్యాబ్‌లు తెరిచి ఉంచే అలవాటు ఉంటే 16 జీబీ తీసుకోండి. వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపలే నడిపే మరో సిస్టమ్), పెద్ద ప్రాజెక్టుల బిల్డ్‌లు (కోడ్‌ను ప్రోగ్రాముగా మార్చడం), 4కే వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు 32 జీబీ. ఇవి మొదటి అంచనాలు మాత్రమే. ఇప్పటికే లినక్స్ నడుస్తున్న కంప్యూటర్ మీ దగ్గర ఉంటే ఊహించాల్సిన పనే లేదు, లెక్క అదే చెబుతుంది.

4 జీబీ ఉన్న పాత మెషీన్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్ వేసుకుంటే బరువైన డెస్క్‌టాప్‌తో పోలిస్తే కొన్ని వందల ఎంబీలు ఆదా అవుతాయి. కానీ బరువైన వెబ్‌సైట్లు నాలుగు తెరిస్తే ఆ ఆదా కాస్తా హరించుకుపోతుంది. డెస్క్‌టాప్ ఎంత తేలికైనా బ్రౌజరు ఆకలి తగ్గదు.

కొలవడానికి సరైన సమయం కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే కాదు, పని ముమ్మరంగా ఉన్నప్పుడు. మీరు ఒకేసారి వాడే ప్రోగ్రాములన్నీ తెరిచి, ఓ గంట పనిచేశాక టెర్మినల్‌లో ఫ్రీ కమాండ్‌ను హెచ్ ఆప్షన్‌తో ఇవ్వండి. అందులో 'ఫ్రీ' అనే కాలమ్ చూసి కంగారు పడొద్దు. ఖాళీగా ఉన్న మెమరీని లినక్స్ ఊరికే వదిలేయదు, డిస్క్ నుంచి చదివిన ఫైళ్లను అందులో దాచుకుంటుంది. ప్రోగ్రాములు అడిగితే అందులో చాలా భాగాన్ని వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. మీరు చూడాల్సింది చివర ఉన్న 'అవైలబుల్' కాలమ్.

ఉదాహరణకు మొత్తం 7.6, ఫ్రీ 0.3, అవైలబుల్ 3.4, వాడిన స్వాప్ 0.6 జీబీ అని వచ్చిందనుకుందాం. స్వాప్ అంటే ర్యామ్‌కు తోడుగా సాధారణంగా డిస్క్‌లో పెట్టుకునే చోటు. (8 జీబీ పెట్టినా 7.6 చూపిస్తోందంటే ఆ తేడాను సిస్టమ్, ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ముందే పక్కన పెట్టుకున్నాయన్నమాట.) 7.6లోంచి 3.4 తీసేస్తే 4.2. దానికి స్వాప్ 0.6 కలిపితే 4.8. ఇది మీ అసలు వాడకం. మూడో వంతు అదనంగా వేసుకుంటే 6.4. అంటే ఈ మెషీన్‌కు 8 జీబీ సరిగ్గా సరిపోయింది, ఫ్రీ 0.3 ఉన్నా సరే. ఫెడోరాలో లాగా స్వాప్ జెడ్‌ర్యామ్ మీద ఉంటే ఈ లెక్క కాస్త ఎక్కువే చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ స్వాప్ కూడా ర్యామ్‌లోనే కుదించి ఉంటుంది.

స్వాప్ వాడకం కనిపించినంత మాత్రాన ర్యామ్ చాలట్లేదని కాదు. ఎప్పటినుంచో ముట్టని పేజీలను (మెమరీ ముక్కలను) లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ పక్కకు నెట్టి ఉండొచ్చు. అసలు లక్షణం ర్యామ్‌కూ స్వాప్‌కూ మధ్య ఆగని రాకపోకలు. వీఎంస్టాట్ కమాండ్‌కు 1 అని ఇచ్చి నడపండి, సెకనుకో వరుస వస్తుంది. మొదటి వరుస బూట్ అయినప్పటి నుంచి సగటు కాబట్టి దాన్ని వదిలేయండి. ఎస్ఐ (స్వాప్ నుంచి వచ్చేవి), ఎస్ఓ (స్వాప్‌కు వెళ్లేవి) కాలమ్‌లలో మీరు పనిచేస్తున్నంతసేపూ సున్నా కాని అంకెలు ఆగకుండా వస్తుంటే ర్యామ్ నిజంగానే చాలట్లేదు.

ఇంకో సూచన, బ్రౌజరో ఎడిటరో చెప్పాపెట్టకుండా మూసుకుపోవడం. లాగ్‌లు చూపే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కు కె ఆప్షన్ ఇచ్చి కెర్నెల్ సందేశాల్లో 'అవుట్ ఆఫ్ మెమరీ' కోసం వెతకండి. ఉబుంటు 22.04 నుంచి సిస్టమ్‌డీ-ఊమ్‌డీ అనే సర్వీసు మెమరీ నిండకముందే ప్రోగ్రాములను ఆపేస్తుంది కాబట్టి, అక్కడ ఆ సర్వీసు లాగ్ కూడా చూడాలి. ఇలా అవుతోందని స్వాప్ మొత్తం తీసేయకండి, పరిస్థితి ఇంకా చెడుతుంది. స్వాప్ లేనప్పుడు కెర్నెల్ నడుస్తున్న ప్రోగ్రాముల కోడ్ పేజీలనే తీసేసి, మళ్లీ డిస్క్ నుంచి చదువుతూ ఉంటుంది. మౌస్ కూడా కదలకుండా మెషీన్ బిగుసుకుపోయేది అందుకే.

లెక్క తప్పించేవి రెండున్నాయి. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడుతుంటే దాని క్యాష్ 'యూజ్డ్'లో కలిసిపోతుంది, కాబట్టి నిజం కంటే ఎక్కువ వాడకం కనిపిస్తుంది. రెండోది, టెంప్ ఫోల్డర్ టెంప్‌ఎఫ్‌ఎస్ (ఫైళ్లను మెమరీలోనే ఉంచే పద్ధతి) మీద ఉండే డిస్ట్రోలలో, అంటే లినక్స్ రకాల్లో (ఫెడోరా, ఆర్చ్, డెబియన్ 13) అక్కడ పెట్టిన 3 జీబీ ఐఎస్ఓ ఫైలు ర్యామ్‌లోనే కూర్చుంటుంది.

వర్చువల్ మెషీన్లకు లెక్క సులువు: లోపలి సిస్టమ్‌కు ఇచ్చేదంతా, దాని పైన మీ డెస్క్‌టాప్ వాడకం. విండోస్ 11కు కనీసం 4 జీబీ కావాలి, హాయిగా నడవాలంటే 8 ఇవ్వండి. సీ ప్లస్ ప్లస్ బిల్డ్‌లలో ఒక్కో కంపైలర్ ప్రాసెస్ 1 జీబీ దాటొచ్చు. 16 కోర్లున్నాయని 16 పనులు ఒకేసారి వదిలితే 16 జీబీ చాలకపోవచ్చు. అలాంటప్పుడు బిల్డ్ నడిపే మేక్ కమాండ్‌కు ఇచ్చే జె సంఖ్య (ఒకేసారి నడిచే పనుల సంఖ్య) తగ్గించడం ర్యామ్ కొనేదాకా నమ్మకమైన మార్గం.

కొనేముందు సుడోతో డీఎంఐడీకోడ్‌కు టీ ఆప్షన్, మెమరీ అని ఇస్తే ఎన్ని స్లాట్లున్నాయో, దేనిలో ఏ రకం ఉందో తెలుస్తుంది. అందులో గరిష్ఠ సామర్థ్యం అని చూపేది అన్నిసార్లూ సరికాదు, మదర్‌బోర్డు మాన్యువల్‌తో పోల్చుకోండి. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు. కొన్ని చిన్న మెషీన్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అక్కడ కొనేటప్పుడే పెద్దది తీసుకోవాలి. 16 జీబీ కావాలంటే ఒకే స్టిక్ కన్నా రెండు 8 జీబీ స్టిక్‌లు మేలు. రెండు స్టిక్‌లూ ఒకేసారి పనిచేసే డ్యూయల్ ఛానల్ వల్ల ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. ముందుముందు పెంచే ఆలోచన ఉండి స్లాట్లు రెండే ఉంటే, ఇప్పుడే రెండు 16 జీబీ స్టిక్‌లు పెట్టేయండి.

కొత్త డీడీఆర్5 బిగించాక మొదటిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. మదర్‌బోర్డు మెమరీని సర్దుబాటు చేసుకుంటోందన్నమాట, మధ్యలో పవర్ తీయకండి. ఆ తర్వాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ కనీసం ఒక పూర్తి పాస్ నడపండి. హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌లో దాచి కంప్యూటర్ ఆపేయడం) వాడేవాళ్లు స్వాప్‌ను కూడా కొత్త ర్యామ్ అంత సైజుకు పెంచాలి, లేకపోతే ర్యామ్ నిండుగా ఉన్న రోజు హైబర్నేట్ విఫలమవుతుంది.