రెండడుగుల పలక మీద కేకే లైను

విశాఖపట్నంలో ఇంట్లో చిన్న నమూనా రైలుమార్గం కట్టాలనుకునేవారు ఆదర్శం కోసం దూరం వెళ్ళనక్కరలేదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ (కేకే) మార్గంలో 58 సొరంగాలు, గెడ్డల మీద వంతెనలు, 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను ఉన్నాయి. అయితే వాటన్నిటినీ ఇంట్లో ఇమిడ్చాలనుకోవడం పొరపాటు. 1:160 నిష్పత్తి గల ఎన్ స్కేలులో కూడా ఒక్క కిలోమీటరు దారికి 6.25 మీటర్ల చోటు కావాలి. కనుక ఒక సొరంగం, ఒక వంతెన, ఒక చిన్న స్టేషను చాలు.

స్కేలును ఎంచుకునేటప్పుడు ముందుగా చూడవలసింది మలుపు. 1:87 నిష్పత్తి గల హెచ్‌ఓ స్కేలులో మామూలుగా దొరికే మలుపు వ్యాసార్థమే సుమారు 46 సెంటీమీటర్లు కాబట్టి, రైలు వెనక్కి తిరగడానికి మీటరుకు పైగా వెడల్పున్న బల్ల అవసరమవుతుంది. ఎన్ స్కేలులో 25 సెంటీమీటర్ల వ్యాసార్థంతో అర్ధవృత్తం వేస్తే అది 61 సెంటీమీటర్ల పలకలో సరిపోతుంది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉండే ప్లైవుడ్ షీటును నిలువునా రెండుగా కోయిస్తే వచ్చే వెడల్పు సరిగ్గా అంతే. ఆ రెండు ముక్కలూ పదకొండడుగుల గది మూలలో ఎల్ ఆకారంలో అమరుతాయి. గోడవైపు మూలకు చెయ్యి సులువుగా అందదు కనుక అక్కడ కొండను నిలపాలే తప్ప బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్ళించే పాయింట్లు పెట్టకూడదు. మన ఇంజిన్ల నమూనాలు ఎన్ స్కేలులో దొరకడం కష్టమనేది నిజమే. అయినా ఇరుకు ఫ్లాటులో ఉండేవారికి నేను దానినే సూచిస్తాను.

ఇంత చిన్న మలుపులో పొడవైన బోగీలు పట్టాల పక్కకు పొడుచుకువచ్చి ఎబ్బెట్టుగా కనిపిస్తాయి. పాత ఐసీఎఫ్ ప్రయాణికుల బోగీ ఎన్ స్కేలులో 13 సెంటీమీటర్లకు పైగా ఉంటే, సరకులు మోసే బాక్స్‌ఎన్ వ్యాగను ఏడు సెంటీమీటర్లకు లోపే ఉంటుంది. గూడ్సు బండినే నడిపితే మలుపు సమస్య చాలావరకు తీరుతుంది. కేకే లైనుకు తగినదీ అదే.

పట్టాలను సాగదీసిన కోడిగుడ్డు ఆకారంలో వేసి, ముందువైపు దారిని కనిపించనిచ్చి, వెనుకవైపు దారిని కొండలో దాచండి. చోటు కలిసివస్తుందని మధ్యలో ఆ రెండు దారులను ఒకే లైనుగా కలిపితే రెండు చివరలా బండిని వచ్చిన దారికే తిప్పే తిరుగు లూపులు ఏర్పడి, కరెంటు పారే కుడి పట్టా ఎడమ పట్టాను తాకి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఇక స్టేషను విషయానికొస్తే, విశాఖ స్టేషనులో హౌరా–చెన్నై రైళ్ళు దిశ మార్చుకుని బయలుదేరతాయని ఇక్కడివారికి తెలుసు. ఆ దృశ్యం కావాలంటే ఇంజిను బండిని విడిచి రెండో చివరకు చేరేలా, పక్కన బండి పొడవుకు తగిన లూప్ లైను వేయాలి.

ఘాటును, అంటే కొండదారిని, చూపించాలనే ఆత్రంలో చాలామంది రైలును ఎక్కించబోతారు. రెండు శాతం వాలు అంటే మీటరుకు రెండు సెంటీమీటర్ల ఎత్తే. ఒక దారి మీదుగా మరొక దారిని దాటించడానికి ఎన్ స్కేలులో పలక మందంతో కలిపి ఆరు సెంటీమీటర్లు కావాలంటే మూడు మీటర్ల ఎక్కుడు తప్పదు. దానికంటే పట్టాలను సమతలంగానే ఉంచి, ప్లైవుడ్‌ను కొంతమేర కోసి, అడుగున లోయను దించడం మేలు. ఒకవైపు కొండ, మరొకవైపు గెడ్డ ఉంటే కంటికి ఘాటు అనిపిస్తుంది. సొరంగం మూయకముందు మీ వద్ద ఉన్న అతి పొడవైన బండిని అందులో నడిపి చూడండి. పట్టాలు తప్పిన వ్యాగనును తీయడానికి వెనుక చెయ్యి పట్టేంత తలుపు వదలండి.

సముద్రపు గాలిని లెక్కలోకి తీసుకోకపోతే ఈ ఊరిలో ఏ నమూనా రైలుమార్గమూ ఎక్కువకాలం నిలవదు. ప్లైవుడ్‌కు అడుగువైపు, అంచులకు కూడా రంగు వేయాలి. ఇత్తడి పట్టాలకు చిలుము త్వరగా పడుతుంది కాబట్టి నికెల్ సిల్వర్ పట్టాలే కొనాలి. పట్టాలను కలిపే ఫిష్ ప్లేట్ల మీదే కరెంటు ప్రవహిస్తుందని నమ్ముకోకుండా, బల్ల కింద 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్ల జతను లాగి, ప్రతి పట్టా ముక్కకూ దాని నుంచి సన్నని వైరును సోల్డరింగ్ చేయాలి. 12 వోల్టులే గనుక భయం అక్కరలేదు, కానీ రెండు వైర్లకు రెండు రంగులు పెట్టుకోండి.

కంకర కోసం నేను మొదటిసారి సముద్రపు ఇసుకను జల్లించి వాడి నష్టపోయాను. అందులోని ఉప్పు తేమను పీల్చడమే కాక, మన తీరపు ఇసుకలో ఉండే నల్లని అయస్కాంత ఖనిజపు రేణువులు ఇంజిను మోటారుకు అంటుకుని దానిని పాడుచేశాయి. క్వారీ దుమ్మును సైతం అయస్కాంతంతో పరీక్షించాకే వాడండి. దానిని పట్టాల మధ్య పొడిగా పరచి, కుంచెతో సర్ది, నీళ్ళు చల్లి, సమానంగా నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం వేసి డ్రాపరుతో పోయాలి. పాయింట్ల కదిలే నాలుకల దగ్గర మాత్రం జిగురు పడనివ్వకూడదు. ఒక రాత్రి ఆరనిచ్చి, పట్టాల పైభాగాన్ని తుడిచి, ఇంజినును ఒంటరిగా అతి నెమ్మదిగా నడపండి; అది ఆగిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టి, ముందు జిగురు మరకను, ఆ తరువాత సోల్డరింగును పరీక్షించండి.