భవన అనుమతి దరఖాస్తు: ప్లాను అప్‌లోడ్ చేసే ముందు లింకు ఫైళ్ల సంగతి చూసుకోండి

స్థలం కొన్నవారికి లింకు డాక్యుమెంట్ల గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. మీకు అమ్మినవారు ఎవరి దగ్గర కొన్నారు, వారికి ఎవరు అమ్మారు అన్న వరుసలో ఒక్క కాగితం లేకపోయినా బ్యాంకు అప్పు అక్కడే ఆగుతుంది. భవన అనుమతి కోసం వేసే ప్లానులోనూ అలాంటి వరుస ఒకటి ఉంటుంది, కాకపోతే అది పైకి కనిపించదు. ఆటోక్యాడ్ అనే డ్రాయింగు సాఫ్ట్‌వేరులో గీసే ప్లానుకు సర్వే స్కెచ్ ఒక ఫైలు, స్తంభాల గ్రిడ్ ఇంకొకటి, యజమాని పేరూ వివరాలూ ఉండే టైటిల్ బ్లాక్ వేరొకటి. అసలు డ్రాయింగు వాటిని తనలో దాచుకోదు. అవి ఏ డ్రైవులో, ఏ ఫోల్డరులో ఉన్నాయో చిరునామా మాత్రం రాసి పెట్టుకుంటుంది. డ్రాఫ్టింగ్ చేసేవారు ఎక్స్‌రెఫ్ అనేది దీన్నే. ఆఫీసు కంప్యూటరులో అన్నీ చక్కగా కనిపిస్తాయి. దరఖాస్తు వేసే వెబ్‌సైటుకు, అంటే పోర్టల్‌కు చేరేది మాత్రం చిరునామాలు రాసుకున్న ఆ ఒక్క ఫైలే. అక్కడ ఆ వీధీ లేదు, ఆ ఇల్లూ లేదు.

ఇది అందరి తలనొప్పి కాదు. తెలంగాణలో 2020 నాటి భవన అనుమతుల చట్టం టీఎస్ బీపాస్ ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో కింది అంతస్తు, దానిపై మరొక అంతస్తు వరకు కట్టుకునేవారికి అనుమతి అక్కర్లేదు, రూపాయి రుసుముతో నమోదు చాలు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 10 మీటర్లు దాటినా దరఖాస్తు సింగిల్ విండో పద్ధతిలో వెళ్తుంది. పత్రాలన్నీ సక్రమంగా ఉంటే 21 రోజుల్లో తేల్చాలన్నది నిబంధన. ఆ ‘సక్రమంగా ఉంటే’ అన్న మాట దగ్గరే చాలా ఫైళ్లు నిలిచిపోతాయి. డ్రాయింగు ఫైలును ఏ రూపంలో, ఏ లేయరు (గీతలను రకాలవారీగా విడదీసే పొర) పేర్లతో ఇవ్వాలో మీ పోర్టల్‌లోని తాజా సూచనల్లో చూసుకోండి, అవి మారుతుంటాయి. కింద చెప్పేది ఏ పోర్టల్‌కైనా పనికొస్తుంది.

ముందు ఫోల్డరు సర్దుకోండి

ఒక ప్రాజెక్టుకు ఒకే ఫోల్డరు ఉండాలి. అసలు డ్రాయింగు, దానికి లింకైన ప్రతి ఫైలూ, స్కాన్ చేసిన సర్వే బొమ్మతో సహా, అందులోనో దాని లోపలి ఫోల్డర్లలోనో ఉండాలి. పెన్‌డ్రైవులోంచి నేరుగా లింకు చేయడం మహా చెడ్డ అలవాటు. ఒకసారి నా దగ్గరికి వచ్చిన ప్లానులో స్థలం హద్దులే లేవు. సర్వేయరు ఇచ్చిన పెన్‌డ్రైవు నుంచి లింకు చేసి, పని కాగానే దాన్ని ఆయనకు తిరిగి ఇచ్చేశారట. గదులున్నాయి, మెట్లున్నాయి, స్థలం ఒక్కటే లేదు!

ఇప్పుడు చిరునామా ఏ రకమో చూడాలి. ఆటోక్యాడ్‌లో మూడు రకాలు. డ్రైవు అక్షరంతో మొదలై చివరి ఫోల్డరు దాకా అంతా రాసేది పూర్తి దారి. అసలు డ్రాయింగు ఉన్న చోటు నుంచి లెక్క చెప్పేది సాపేక్ష దారి, అంటే ‘నా పక్కనే’, ‘ఒక మెట్టు పైన ఉన్న ఫోల్డరులో’ అన్నట్టు. ఫైలు పేరు తప్ప మరేమీ రాయనిది మూడోది. 2018 వెర్షన్ నుంచి కొత్తగా చేర్చే ఫైళ్లకు సాపేక్ష దారే మామూలు పద్ధతి అయింది. అంతకుముందు పూర్తి దారి ఉండేది. అందుకే పాత ప్లానును కాపీ చేసి కొత్త పని మొదలుపెట్టే ఆఫీసుల్లో ఇప్పటికీ ఎప్పుడో తీసేసిన డ్రైవుల పేర్లు కనిపిస్తుంటాయి. మన పనికి సాపేక్ష దారే మేలు, ఫోల్డరు మొత్తం ఎక్కడికి తీసుకెళ్లినా లింకులు తెగవు. కాకపోతే రెండు ఫైళ్లూ ఒకే డ్రైవులో ఉండాలి. ఒకటి సి, మరొకటి డి డ్రైవులో ఉంటే సాపేక్ష దారి కుదరదు.

ఎక్స్‌రెఫ్ కమాండ్ ఇస్తే వచ్చే పట్టికలో ఒక్కో ఫైలుకూ రెండు దారులు కనిపిస్తాయి. రాసిపెట్టిన దారి ఒకటి, నిజంగా దొరికిన దారి మరొకటి. ఈ రెండూ వేరైతే ఆగి చూడండి. రాసిన చోట ఫైలు లేకపోతే ఆటోక్యాడ్ అసలు డ్రాయింగు ఉన్న ఫోల్డరులోనూ, ఆపైన సెట్టింగుల్లో ఇచ్చిన ఫోల్డర్లలోనూ అదే పేరున్న ఫైలు కోసం వెతుకుతుంది. దొరికింది కదా అని సంతోషించకండి, అది నిరుటి ప్లాను కావచ్చు. తెగిన లింకు కంటే తప్పు లింకే ప్రమాదం, ఎందుకంటే తెర మీద అంతా బాగానే కనిపిస్తుంది. అదే పట్టికలో ఫైలు పేరు మీద కుడి క్లిక్కు చేసి దారి రకాన్ని మార్చవచ్చు, కొత్త చోటునూ చూపించవచ్చు.

తర్వాత అన్నీ ఒకే ఫైలుగా కలపాలి

దీనికి లింకు ఫైళ్లను అసలు డ్రాయింగులోనే కలిపేసే బైండ్ వాడాలి. ముందుగా డ్రాయింగుకు కాపీ తీసి కాపీ మీదే చేయండి, ఎందుకంటే ఫైలు మూసి తెరిచాక మళ్లీ విడదీయలేరు. దొరకని ఫైలునూ, అన్‌లోడ్ చేసిన (లింకు ఉంచి, కనిపించకుండా పక్కన పెట్టిన) ఫైలునూ బైండ్ చేయడం కుదరదు. దారులన్నీ ముందే సరిచేయమన్నది అందుకే.

బైండ్‌లో రెండు పద్ధతులున్నాయి, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. మామూలు బైండ్ చేస్తే లేయరు పేరు ముందు ఫైలు పేరు, దాని వెనక డాలరు గుర్తుల మధ్య ఒక సున్నా వచ్చి చేరతాయి. మనిషి చూస్తే గీత అదే. లేయరు పేర్లను బట్టి ప్లాను చదివే సాఫ్ట్‌వేరుకు మాత్రం అది ముక్కూ ముఖం తెలియని లేయరు, మీ స్థలం హద్దు దానికి కనిపించదు. రెండోదైన ఇన్సర్ట్ పద్ధతిలో పేర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. అయితే ఒకే పేరున్న బ్లాకులు (ఒక్క వస్తువుగా కట్టిన గీతల గుంపులు) రెండు ఫైళ్లలోనూ ఉంటే అసలు డ్రాయింగులోదే నిలుస్తుంది, వచ్చినది పోతుంది. ‘తలుపు’ అని మూడున్నర అడుగులకు ఒక ఫైలులో, రెండున్నర అడుగులకు మరో ఫైలులో పేరు పెట్టుకున్నవారు కలిపాక తలుపులన్నీ కొలిచి చూసుకోవాలి. ఇన్ని తిప్పలున్నా అనుమతి ప్లానుకు నా ఓటు ఇన్సర్ట్‌కే.

ఏ పద్ధతిలో కలిపినా వచ్చిన భాగం ఒక బ్లాకుగా కూర్చుంటుంది. హద్దు గీత విడి పాలీలైనుగా (ముక్కలు కాని ఒకే గీతగా) ఉండాలని సూచనల్లో ఉంటే ఆ బ్లాకును ఎక్స్‌ప్లోడ్ చేయాలి, అంటే విడగొట్టాలి. బొమ్మలు, పీడీఎఫ్‌లు బైండ్ కావు. వాటి మీద గీసుకోవడం అయిపోయి ఉంటే లింకు తీసేయండి. చివరగా ఫైలులోని తప్పులు సరిచేసే ఆడిట్, వాడనివి తీసేసే పర్జ్ నడపండి.

ఫాంటు కూడా ఒక రకంగా లింకు ఫైలే. టైటిల్ బ్లాకులో యజమాని పేరు యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో కొట్టి ఉంటే, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అది ఏ భాషో ఎవరికీ తెలియదు. యూనికోడ్ వాడండి.

అప్‌లోడ్‌కు ముందు ఫైలును ఒక్కదాన్నే మీ ఆఫీసుతో నెట్‌వర్కు లేని వేరే కంప్యూటరుకు పంపి తెరిచి చూడండి. ఎక్స్‌రెఫ్ పట్టికలో ఆ ఫైలు పేరు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఇంట్లో మరో ల్యాప్‌టాప్ ఉన్నా సరిపోతుంది.

లోపాలున్నాయని అధికారులు షార్ట్‌ఫాల్ వేసి ఫైలును వెనక్కి పంపితే దిద్దుబాట్లు కలిపిన కాపీలో చేయకండి. లింకులున్న అసలు డ్రాయింగులో దిద్ది, మళ్లీ కాపీ తీసి, మళ్లీ బైండ్ చేసి పంపండి. పాత అసలు డ్రాయింగునూ ఫోల్డరునూ అనుమతి వచ్చాక కూడా ఉంచుకోండి, కట్టడం పూర్తయ్యాక తీసుకునే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ సమయంలో మళ్లీ తెరవాల్సి వస్తుంది.