అవుట్‌ఫీల్డర్ కెరీర్ రికార్డు చదవడం ఎలా: ఇచిరో సుజుకి అంకెలతో

బేస్‌బాల్ ఆటగాడి కెరీర్ పట్టిక తెరవగానే చాలామంది చూపు నేరుగా అడుగు వరుస మీదికి పోతుంది. జపాన్ నుంచి అమెరికా మేజర్ లీగ్‌కు వెళ్లి ఆడిన అవుట్‌ఫీల్డర్ (మైదానం వెనుక భాగంలో కాసే ఫీల్డర్) ఇచిరో సుజుకి పట్టికలో ఆ వరుస ఇలా ఉంటుంది: 2,653 మ్యాచ్‌లు, 3,089 హిట్లు, 117 హోమ్‌రన్లు, .311 సగటు. అక్కణ్ణుంచి మొదలుపెడితే అతను ఎలా ఆడేవాడో అంతుపట్టదు. మొత్తాల వరుసను చివరికి వదిలేసి, క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని ముందు ఒక్క సీజన్ వరుసను పూర్తిగా విప్పండి. ఇచిరో విషయంలో అందుకు 2004ను మించిన సీజన్ లేదు.

మొదట సగటు. క్రికెట్‌లో పరుగుల్ని అవుట్లతో భాగిస్తాం. ఇక్కడ హిట్లను (బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరినవి) ఎట్-బ్యాట్లతో (సగటు లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలతో) భాగించాలి. 2004లో 704 ఎట్-బ్యాట్లకు 262 హిట్లు, అంటే .372. ఏ కాలంలోనైనా .300 దాటినవాణ్ణి మంచి బ్యాటరనే అంటారు. ఇక్కడ కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది: పట్టికలో ఎట్-బ్యాట్ల పక్కనే ఉండే ప్లేట్ అప్పియరెన్స్‌లతో, అంటే బ్యాటింగ్‌కు వచ్చిన మొత్తం సార్లతో భాగించేస్తారు. ఆ సంవత్సరం అవి 762. వాటితో భాగిస్తే .344 వస్తుంది, అది ఏ లెక్కకూ పనికిరాదు. మధ్యలో ఉన్న 58 ఎక్కడికి పోయాయో ఒకసారి సరిచూసుకుంటే ఈ తికమక మళ్లీ రాదు: 49 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడ్డందుకు ఉచితంగా బేస్ దక్కినవి), బంతి ఒంటికి తగిలినవి 4, సాక్రిఫైస్ ఫ్లైలు (తాను క్యాచ్ అవుటైనా రన్నర్‌కు పరుగు తెచ్చినవి) 3, సాక్రిఫైస్ బంట్లు (బంతిని మెత్తగా తాకించి, తాను అవుటై రన్నర్‌ను ముందుకు పంపినవి) 2. ఇవేవీ ఎట్-బ్యాట్లలోకి రావు.

తర్వాత ఆన్-బేస్ శాతం, అంటే బ్యాటరు ఎంత తరచుగా బేస్ చేరాడన్నది. హిట్లు, వాక్‌లు, ఒంటికి తగిలినవి కూడితే 315. భాగించాల్సిన సంఖ్య 760. బంట్లు రెండూ ఇందులో చేరవు, సాక్రిఫైస్ ఫ్లైలు చేరతాయి. ఫలితం .414. సగటుకీ దీనికీ తేడా .042 మాత్రమే. అంటే ఇచిరో వాక్‌ల కోసం కాచుకుని కూర్చునేవాడు కాడు, బేస్ మీదికి బ్యాటుతోనే వెళ్లేవాడు.

ఇప్పుడు హిట్లను విడగొట్టండి. ఒక్క హిట్‌తో రెండు బేస్‌లు చేరితే డబుల్, మూడైతే ట్రిపుల్, నాలుగూ చుట్టేస్తే హోమ్‌రన్. పట్టికలో వీటికి గడులుంటాయి గానీ ఒక్క బేస్ చేరిన సింగిల్స్‌కు ఉండదు. మనమే తీసేసి చూసుకోవాలి. 262లోంచి 24 డబుల్స్, 5 ట్రిపుల్స్, 8 హోమ్‌రన్లు తీసేస్తే 225 సింగిల్స్ మిగులుతాయి. సింగిల్‌కు 1, డబుల్‌కు 2, ట్రిపుల్‌కు 3, హోమ్‌రన్‌కు 4 చొప్పున మొత్తం బేస్‌లు లెక్కగడితే 225, 48, 15, 32 కలిపి 320. దాన్ని 704తో భాగిస్తే స్లగింగ్ .455. ఇందులోంచి సగటును తీసేస్తే .083 మిగులుతుంది. బ్యాటరు బలాన్ని చెప్పే అంకె ఇదే, ఇచిరోకి ఇది చిన్నది. అతను ఎడమచేతి వాటం బ్యాటర్ కాబట్టి ఫస్ట్ బేస్‌కు కాస్త దగ్గరగా నిలబడతాడు. ఇన్‌ఫీల్డ్‌లో మెల్లగా దొర్లిన బంతిని ఫీల్డర్ తీసి విసిరేలోపు 90 అడుగులు పరిగెత్తేస్తాడు. ఆ 225లో కాళ్ల కష్టం చాలా ఉంది. ఒక సీజన్‌లో అత్యధిక హిట్లుగా జార్జ్ సిస్లర్ 1920లో నెలకొల్పిన 257 రికార్డు 84 ఏళ్ల తర్వాత కూలింది ఇలాగే. సిస్లర్ కాలంలో సీజన్‌కు 154 మ్యాచ్‌లే, ఇచిరో 161 ఆడాడు. ఆ తేడా చెప్పి తీరాలి, చెప్పినంత మాత్రాన 262 గొప్పతనం రవ్వంత కూడా తగ్గదు.

జట్టు మారిన సంవత్సరం దగ్గర మరింత జాగ్రత్త. 2012 జులైలో సియాటిల్ మెరీనర్స్ అతన్ని న్యూయార్క్ యాంకీస్‌కు ఇచ్చింది. ఆ ఏడాదికి రెండు వరుసలు, పైన ఒక మొత్తం వరుస కనిపిస్తాయి. సియాటిల్‌లో 402కి 105 హిట్లు, .261. న్యూయార్క్‌లో 227కి 73, .322. ఈ రెండు సగటుల్ని కూడి సగం చేస్తే .291 దాటుతుంది, అది తప్పు. హిట్లు విడిగా, ఎట్-బ్యాట్లు విడిగా కూడాలి: 629కి 178, అంటే .283. మూడు వరుసల్నీ కలిపి కూడితే ఒకే సీజన్ రెండుసార్లు లెక్కలో పడుతుంది. స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించేటప్పుడు మొత్తాలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

ఇదే పద్ధతిలో కెరీర్‌ను రెండు ముక్కలు చేయండి. 2001 నుంచి 2010 వరకు ప్రతి సీజన్‌లోనూ 200 హిట్లు దాటాడు. ఆ పదేళ్లకు 6,779 ఎట్-బ్యాట్లలో 2,244 హిట్లు, .331. ఆ తర్వాత 2019 దాకా 3,155కి 845, .268. అడుగు వరుసలోని .311 ఈ రెండూ కలిసిన అంకె. అతను నిజానికి ఏ దశలోనూ .311 బ్యాటర్‌గా లేడు. పాత ఆటగాళ్లతో పోల్చేటప్పుడు శిఖర దశను శిఖర దశతోనే పోల్చాలి.

బేస్ దొంగిలించడంలో (హిట్ లేకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కు పరిగెత్తడంలో) ఎన్ని దొంగిలించాడన్నది ఒక్కటే చూడొద్దు, ఎన్నిసార్లు దొరికిపోయాడో పక్క గడిలో ఉంటుంది. 2006లో 45 దొంగిలించి రెండుసార్లే దొరికాడు. ఒక బేస్ ముందుకెళ్లడం వల్ల వచ్చే లాభం కంటే ఒక అవుట్ వల్ల పోయేది ఎక్కువ. అందుకే నాలుగుకు మూడుసార్లయినా సఫలం కానివాడు పరిగెత్తకపోవడమే మేలు.

ఫీల్డింగ్ పట్టిక దగ్గర అంకెలు మోసం చేస్తాయి. పుటౌట్లు (తాను నేరుగా చేసిన అవుట్లు), అసిస్టులు (తన విసురుతో మరో ఫీల్డర్ చేసిన అవుట్లు), ఎర్రర్లు (ఫీల్డింగ్ తప్పులు) అని మూడు గడులుంటాయి. బంతిని అందుకోలేనంత దూరంలో ఆగిపోయినవాడికి ఎర్రర్ పడదు, ఎగిరి చేతికి తగిలించుకుని జారవిడిచినవాడికి పడొచ్చు. అందువల్ల ఫీల్డింగ్ శాతం (ఎర్రర్ లేకుండా ముగిసిన అవకాశాల వాటా) చూసి రైట్ ఫీల్డర్‌ను తూచకండి. అసిస్టుల సంగతీ అంతే. 2001 ఏప్రిల్ 11న ఓక్లాండ్‌లో జరిగింది చూడండి. ఫస్ట్ బేస్ మీద టెరెన్స్ లాంగ్ ఉన్నాడు. బంతి సింగిల్‌గా రైట్ ఫీల్డ్‌కు వచ్చింది. లాంగ్ రెండో బేస్ దాటి మూడో బేస్‌కు దూకుడుగా పరిగెత్తాడు. ఇచిరో ముందుకొచ్చి బంతి తీసి, నేలకు తగలకుండా నేరుగా థర్డ్ బేస్‌మన్ డేవిడ్ బెల్ గ్లోవ్‌లోకి విసిరాడు. లాంగ్ అవుట్. స్కోరు పుస్తకంలో దాన్ని 9-5 అని రాస్తారు: 9 రైట్ ఫీల్డర్, 5 థర్డ్ బేస్‌మన్. కెరీర్ పట్టికలో అది ఒక్క అసిస్టుగానే మిగిలింది. అలాంటి చేతిని చూశాక రన్నర్లు మూడో బేస్ జోలికి పోరు, పోకపోతే అసిస్టు పుట్టదు. కాబట్టి అసిస్టులు తక్కువ కనిపిస్తే చెయ్యి బలహీనమని తేల్చేయకుండా, రన్నర్లు ఎన్నిసార్లు అదనపు బేస్‌కు ప్రయత్నించారో చూపే లెక్క దొరికితే దాంతో కలిపి చదవండి. ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లోవ్ అవార్డులు అతనికి 10 వచ్చాయి, వాటిని కూడా ఆ పక్కనే పెట్టి చూడండి.

చివరిగా జపాన్ లెక్క. అక్కడి ఓరిక్స్ జట్టు తరఫున 1992 నుంచి 2000 వరకు 1,278 హిట్లు. అమెరికావి కలిపితే 4,367 అవుతుంది, మేజర్ లీగ్‌లో అత్యధిక హిట్లు కొట్టిన పీట్ రోజ్ 4,256 కన్నా ఎక్కువ. రెండు లీగ్‌ల బౌలింగ్ స్థాయి ఒకటి కాదు కాబట్టి దీన్ని మేజర్ లీగ్ రికార్డని రాయకూడదు, 1,278 + 3,089 అని విడిగా చూపండి. అలాగని జపాన్ అంకెల్ని పక్కన పడేయడమూ సరికాదు. అక్కడ 1994లో 130 మ్యాచ్‌లకు 210 హిట్లు కొట్టాడు, మ్యాచ్‌కు 1.62. పదేళ్ల తర్వాత సియాటిల్‌లో 161కి 262 అంటే మ్యాచ్‌కు 1.63.