ఇంటర్ చదివే పిల్లల మాట వినడం ఎలా?

హనుమకొండలో ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఆదివారం హాస్టల్ గేటు దగ్గర తల్లిదండ్రులు అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "వీక్లీ టెస్టుల ఎన్నొచ్చినయ్?" అక్కడే పని చెడిపోతుంది.

పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకోండి. తినడానికి సర్వపిండి తీసుకెళ్లండి, బేకరీ సరుకు వద్దు. పొద్దున్నే మొదలుపెట్టొద్దు, ఈ వయసులో నిద్ర పట్టించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, పొద్దెక్కితే గానీ మత్తు వదలదు. సాయంత్రం వడ్డేపల్లి చెరువు కట్ట మీద పక్కపక్కన నడవండి. ఎదురుగా కూర్చోబెడితే నోరు విప్పరు.

అసలు కష్టం నోరు విప్పాకే. "నాకు ఎంపీసీ వద్దు బాపూ" అంటుంది మీ బిడ్డ. మీ గుండె గుభేలుమంటుంది. కట్టిన ఫీజు, చుట్టాలకు చెప్పుకున్న గొప్పలు అన్నీ నాలుక చివరికొస్తాయి. ఆగండి. "మా కాలంలో" అనొద్దు. "ఏం కాదులే" అని కూడా అనొద్దు. మీకది ధైర్యం చెప్పడం, తనకు మాత్రం ఇక చాలు అన్నట్టు వినిపిస్తుంది. "ఎందుకు?" అంటే పోలీసు విచారణే. తను అన్నదే మీ మాటల్లో అనండి: "ఎంపీసీ బరువైతుందా బిడ్డా?" ఇక ఊరుకోండి.

ఊరుకోవడమే ఎవరికీ చేతకాదు. తను చేతిలోని సర్వపిండిలోంచి పల్లీలు ఒక్కొక్కటే గిల్లి తీస్తుంటుంది. తీయనివ్వండి. అసలు సంగతి రెండోసారికి బయటపడుతుంది: మార్కులు తగ్గాయని వెనక సెక్షన్లో వేశారనో, రూమ్‌లో ఎవరో ఏడిపిస్తున్నారనో. విన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. గ్రూపు మార్చాలా వద్దా అన్నది మరో రోజు తేల్చుకోవచ్చు.

మేనమామను పిలిపించి నాలుగు మాటలు చెప్పించే పద్ధతి మన ఇళ్లల్లో బాగా ఉంది. నాకది అస్సలు నచ్చదు. ఆయన ముందు తలూపుతారు. తమ సంగతి ఇల్లు దాటిందని తెలిశాక మీకు మళ్లీ చెప్పరు.

ఒక్కచోట మాత్రం ఊరుకోకూడదు. "నేను లేకుంటేనే మంచిగుంటది" లాంటి మాట వస్తే, "చచ్చిపోవాలనిపిస్తుందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలొద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు వెంటనే ఫోన్ చేయండి. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. పరీక్ష ఉన్నా సరే, ఆ రాత్రి హాస్టల్లో దింపకుండా ఇంటికి తీసుకెళ్లి పక్కనే పడుకోబెట్టుకోండి, తెల్లారగానే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి.