గుంపు సవారీలో సున్నాకు పడిపోయే వాట్లు: నా అనుభవం

చలికాలంలో మిన్నియాపొలిస్‌లో బయట సైకిలు తొక్కడం కష్టం కనుక, ఇంట్లోని వ్యాయామ సైకిలును ల్యాప్‌టాప్‌లోని జ్విఫ్ట్‌కు (తెరపై కనిపించే దారుల్లో ఇతరులతో కలిసి తొక్కించే ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌కు) అనుసంధానించి, వేర్వేరు ఊళ్లలో ఉన్న మిత్రులతో కలిసి ఆదివారాలు తొక్కుతుంటాను. ఒంటరిగా అయితే త్వరగానే విసుగు పుట్టే ఈ వ్యాయామం గుంపులో గంటసేపు సాగడానికి కారణం కేవలం కబుర్లు కాదు; ముందువారి వెనుకనే ఉంటే గాలి నిరోధం తగ్గినట్లు ఆ ప్రోగ్రామ్ లెక్కగడుతుంది, వెనుకబడితే మళ్లీ అందుకోవడానికి మరింత శక్తి పెట్టవలసి వస్తుంది. అందుకే, నేను తొక్కుతూనే ఉన్నా తెరపై నా వాట్లు, అంటే తొక్కే శక్తి కొలత, సున్నాకు పడిపోయి, గుంపు నన్ను వదిలి వెళ్లిపోవడం చాలా చికాకు కలిగించేది.

ఇంటర్నెట్ తెగితే ఇతరుల బొమ్మలు మాయమై, నా సైకిలు మాత్రం కదలాలి. ఇక్కడ జరిగింది అందుకు విరుద్ధం కాబట్టి, లోపం సైకిలుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్యనే ఉందని తేలింది. నా సైకిలు ల్యాప్‌టాప్‌కు సమాచారం పంపేది ఆంట్ ప్లస్ అనే వైర్‌లెస్ పద్ధతిలో; దాని సంకేతాలు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో ప్రయాణిస్తాయి, యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు వెలువరించే రేడియో రొద కూడా ఆ పరిధిలోకే వస్తుంది. ఆ సంకేతాలను అందుకునే నా యూఎస్‌బీ రిసీవర్ సరిగ్గా అలాంటి డిస్క్ పక్కనే ఉంది. రిసీవర్‌ను పొడవైన యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో పెడళ్ల దగ్గరకు చేర్చి, ల్యాప్‌టాప్ వైఫైని కూడా ఆ పరిధి నుంచి తప్పించి 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాను. అప్పటినుంచి సంకేతం తెగలేదు.

ఆంట్ ప్లస్‌కు బదులు బ్లూటూత్ వాడేవారు ముందుగా ఫోన్‌లోని సైకిలు యాప్‌ను మూసివేయాలి; చాలా సైకిళ్లు ఒకసారి ఒకే పరికరానికి బదులిస్తాయి.