దేశదిమ్మరి హీరో కథను ముగించడం ఎలా

నెల్లూరు వైపు సైదాపురం అభ్రకం గనుల చుట్టూ ఒక కౌబాయ్ కథ అల్లుతున్నారనుకుందాం. హీరో ఒంగోలు గిత్తలు తోలుకుంటూ ఊరూరా తిరిగే ఒంటిగాడు. గని కాంట్రాక్టరు రైతుల పొలాలు మింగేస్తుంటాడు. చివరి ఫైటులో వాడి పని అయిపోతుంది. అక్కడితో తీరింది ఊరి తగవే. హీరో కథ ఇంకా మిగిలే ఉంది. చాలా స్క్రిప్టులు తేలిపోయేది సరిగ్గా ఇక్కడే.

రెండు గంటల ఇరవై నిమిషాల సినిమా అయితే ఫైటు 132వ నిమిషానికి ముగించండి. పేజీకి నిమిషం లెక్కన చివరి ఎనిమిది పేజీలు హీరోవి. వాటిలో పోలీసులు, పెళ్ళి, కామెడీ ట్రాకు పెట్టొద్దు.

ఆ పేజీలు రాసేముందు, ఇతను ఒకచోట ఎందుకు నిలవలేడో తేల్చుకోండి. "స్వేచ్ఛ అంటే ప్రాణం" అనేది కెమెరాకు అందదు. ఎవరింట్లోనూ గడప దాటడు, అరుగు మీదే తిని అరుగు మీదే పడుకుంటాడు అంటే అందుతుంది. మొదటి అరగంటలో ఊళ్ళో ఒక అవ్వ "లోపలికి రా అబ్బయ్యా, అన్నం తిందువు" అంటుంది. "పర్లేదవ్వా, ఇక్కడే పెట్టు" అంటాడు. ఇంటర్వెల్ ముందు మళ్ళీ పిలుస్తుంది, మళ్ళీ అదే మాట. మూడోసారి పిలుపు ఫైటు తర్వాత రావాలి. అప్పుడతను దాటాడా లేదా అన్నదే మీ ముగింపు. 1956లో హాలీవుడ్ దర్శకుడు జాన్ ఫోర్డ్ తీసిన కౌబాయ్ సినిమా 'ది సెర్చర్స్' తలుపు తెరుచుకోవడంతో మొదలవుతుంది. చివర అందరూ ఇంట్లోకి వెళ్తే హీరో గుమ్మం బయటే ఆగి వెనుదిరుగుతాడు, తలుపు మూసుకుంటుంది. అక్కడ మాటల అవసరమే పడలేదు.

హీరో ఊళ్ళో ఉండిపోవాలంటే లీడు, అంటే జరగబోయేదానికి సూచన, ముందే వేయాలి. సగం తవ్వి వదిలేసిన బావిలో అతను రెండుసార్లైనా దిగి పని చేసి ఉండాలి. లేకపోతే హీరోయిన్ కోసం బలవంతంగా కట్టేసినట్టుంటుంది. చనిపోవడం తేలిక దారి. ఆ చావువల్ల ఎవరి బతుకు మారిందో చూపించలేకపోతే ఆ జోలికి పోవద్దు.

మాకు నచ్చేది వెళ్ళిపోవడమే, కానీ వచ్చినట్టే వెళ్తే పారిపోయినట్టు కనిపిస్తుంది. ఏదో ఒకటి వదిలి వెళ్ళాలి. అతని గిత్త మెడలో గంట ఉంచండి. మొదటి సీనులో మనిషి కనపడకముందే గంట వినపడాలి. చివర గడప దాటి, అవ్వ చేతి అన్నం తిని, ఆ గంట విప్పి ఆమె ఎద్దు మెడలో కట్టి బయల్దేరతాడు. అతను వెళ్తుంటే గిత్తల డెక్కల చప్పుడే తప్ప గంట మోగదు. గంట ఊళ్ళో మోగుతుంది. ఆ చోట నేపథ్య సంగీతం వేస్తే ఇదంతా మునిగిపోతుంది.

ఇక చివరి షాటు. వెలిగొండలు నెల్లూరు జిల్లాకు పడమటి గోడ. రాపూరు వైపు కొండ పాదాన తీస్తే, క్యాలెండరులో ఉన్న సూర్యాస్తమయం కంటే ముందే ఎండ కొండ వెనక్కి పోతుంది. ముందురోజు అదే చోట నిలబడి ఎండ తప్పుకునే టైము రాసుకోండి. వెళ్ళిన గిత్తల్ని వెనక్కి మళ్ళించేలోపు వెలుతురు పోతుంది కాబట్టి రెండు కెమెరాలు పెట్టి, రెండు సాయంత్రాలు కేటాయించండి. మంద కనుమరుగయ్యాక కూడా కెమెరా ఆపొద్దు, దారిలో దుమ్ము అణిగేదాకా తిరగనివ్వండి.