ఇన్వర్టర్ చాలా, లిథియం స్టోరేజీ కావాలా?

కరెంటు రోజుకి గంటో రెండు గంటలో పోయే ఇంటికి మామూలు ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యం కొలత) ట్యూబులర్ బ్యాటరీ, అంటే నీళ్లు పోసే లెడ్-యాసిడ్ రకం, చాలు. 12 వోల్టుల లెక్కన అది 1.8 యూనిట్లు, చేతికొచ్చేది ఇంకా తక్కువే, అయినా మూడు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, వైఫై కలిపి 300 వాట్లనుకుంటే మూడు గంటలు లాగేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ మాత్రం చూసుకుంటూ ఉండాలి.

లిథియం స్టోరేజీకి, అంటే కరెంటు దాచే లిథియం బ్యాటరీకి, డబ్బు పెట్టాల్సింది డాబా మీద సోలార్ ఉండి, పగటి కరెంటు రాత్రికి దాచుకోవాలంటేనే. షాపుల్లో అడిగితే తప్ప చెప్పని సంగతి ఒకటుంది: బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైన్‌కి కలిపే ఉత్త ఆన్‌గ్రిడ్ సోలార్, ఎండ మండిపోతున్నా సరే, కరెంటు పోగానే ఆగిపోతుంది, లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. అందుకే కొత్తగా పెట్టించేవాళ్లు ముందే హైబ్రిడ్ ఇన్వర్టర్, అంటే బ్యాటరీ కలిపితే కరెంటు పోయినా నడిచేది, అడగండి. బోరు మోటారు కూడా దాని మీద నడవాలా అన్నదీ అప్పుడే తేల్చుకోండి, స్టార్టయ్యేటప్పుడు అది మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది.